ఎంతమంది పిల్లలు పడుకున్న ఊయల?

ఉద్యోగం వదిలిన రోజున మా కోయంబత్తూరు గోదాములో నాకొక శాలువా కప్పారు. కప్పినవాళ్ళే, "కొత్తగా చేరేవాళ్ళకు పనికొచ్చేలా ఏమైనా రాసివ్వండి సార్" అన్నారు. రెండు పేజీలు రాసిస్తే చాలుననుకున్నాను. రాయడానికి కూర్చుంటే నాకు తెలిసినవాటికంటే తెలియనివే ముందుకొచ్చి నిలబడ్డాయి. వాటినే రాస్తున్నాను. నేను బడిలో చదివింది తమిళం. ఇంట్లో మాట్లాడింది మా తెలుగు. ఈ పుస్తకాల తెలుగు పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. మీలో చదవలేనివాళ్ళకు పక్కవాళ్ళు చదివి వినిపించండి.

మనది ఇంటి సామాను అద్దెకిచ్చే పని. మంచం, సోఫా, బీరువా, భోజనం బల్ల ఇస్తాం, వాళ్ళు వద్దన్నప్పుడు తెచ్చుకుంటాం. చెప్పడానికి ఇంతే. ఎవరికి ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలి అన్నవి మీకు ఆఫీసులో చెబుతారు. నేను చెప్పను.

ముందు మెట్లు చూడండి

అద్దెకు అడిగేవాళ్ళు గది కొలత చెబుతారు. మెట్ల మలుపు చెప్పరు. చేరిన కొత్తలో రామనాథపురంలో ఒక మేడ మీదికి పెద్ద మంచం ఎక్కిస్తుంటే అది మలుపులో ఇరుక్కుపోయింది. పైకీ పోదు, కిందికీ రాదు. పైన అద్దెకున్న లెక్చరరుగారు కాలేజీకి పోవాలి. ఆయన మంచానికి అటువైపు, ఆయన చెప్పులు ఇటువైపు. పొద్దున్నంతా ఆయనకు కాఫీ మంచం మీదుగానే అందించాం. చివరకు కాళ్ళు కోసి దించాం. మంచం కాళ్ళే లెండి.

ఆ రోజు నుంచి నేను కొలబద్ద లేకుండా గడప దాటలేదు. ఈ వృత్తిలో నాకు అనుమానం లేకుండా తెలిసిన సంగతి ఇదొక్కటే. ఇక్కడి నుంచి అన్నీ అనుమానాలే.

మా అమ్మ అడిగినది

మా వాళ్ళు నల్లరేగడిలో పత్తి పండించి, ఆ తరవాత మోటార్లూ మిల్లులూ అంటూ పట్నంలో కుదురుకున్నవాళ్ళు. ఇంట్లో బర్మా టేకు మంచం ఒకటైనా లేకపోతే చుట్టాల ముందు తలెత్తుకోలేరు. అద్దెను మా మాటలో వాడగ అంటారు. వాడగ ఇల్లంటే ఒప్పుకుంటారు, వాడగ మంచమంటే మొహం చిట్లిస్తారు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మ చుట్టాలకు "ఫర్నిచర్ కంపెనీ" అని చెప్పి అక్కడితో ఆపేసేది.

ఒకరోజు నన్ను కూర్చోబెట్టి అడిగింది. "ఊరోళ్ళు పండుకోని లేసిన మంచంలో ఇంకొకడు ఎట్లా పండుకొంటాడురా?"

"రైల్లో పండుకోరా అమ్మా?"

"రైలు ఇంట్లోకి రాదు కదా."

రైలుకూ ఇంటికీ తేడా ఉంది. ఆ తేడా ఏమిటో ఇప్పటికీ వెతుకుతున్నాను.

మధురైలో నాలుగు రోజుల సోఫా

మధురై శాఖలో రెండేళ్ళు ఉన్నాను. మాట్టుతావణి మార్కెట్లో ఉల్లిపాయల టోకు వ్యాపారి ఒకాయన హాలుకంతా సామాను అద్దెకు తీసుకున్నాడు. సోఫా, టీపాయి, దీపాల స్తంభం, ఆఖరికి గోడ గడియారం కూడా. నాలుగు రోజులకే. పెరియకుళం నుంచి కొత్త వియ్యంకులు వస్తున్నారట. వాళ్ళు వచ్చి, చూసి, భోంచేసి, వెళ్ళారు. అయిదో రోజు మేం సామాను ఎత్తుకొస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి ఖాళీ హాలు వైపు చూస్తున్నాడు.

"బాధగా ఉండాదా అన్నా?" అని అడిగాను.

"లేదప్పా. నాలుగు దినాలు కాలు చాపేదానికి చోటు లేకపోయె. ఇప్పుడు చూడు, ఎంత పెద్ద ఇల్లు నాది!"

ఆయన అక్కడే ఫ్యాను కింద చాప పరుచుకుని పడుకున్నాడు. మేమింకా సోఫా బయటికి మోస్తూనే ఉన్నాం. ఆ సోఫా ఎవరి కోసం ఆ ఇంటికి వెళ్ళిందో అని వ్యానులో తల గోక్కుంటూ వచ్చాను. వియ్యంకుల ఇంట్లో ఉన్నది కూడా అద్దె సోఫానే అని మా ఆఫీసులో ఎవరో అన్నారు. నిజమో ఎగతాళో తేల్చుకోలేదు.

మచ్చ కనిపించకూడదు

మాకొక జనరల్ మేనేజరు ఉండేవాడు. బెంగుళూరు నుంచి వచ్చాడు. పనిలో గట్టివాడు, మాటలో పొదుపరి. ఆయన పెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. తిరిగొచ్చిన సామానును వెనక గదిలోకి పంపాలి. గీరాలి, రంగు వేయాలి, మెరుగు పెట్టాలి, దూది మార్చాలి, ప్లాస్టిక్ చుట్టాలి. దానికి ముందు ఇంకో ఇల్లు ఉండేదని కొత్త ఇంటివాళ్ళకు అనిపించకూడదు. దీన్ని ఆయన రిఫ్రెష్ అనేవాడు. మా వడ్రంగి సుబ్బయ్య ఆచారి తమిళుడే కానీ మా వాళ్ళ మధ్య పనిచేసి మా తెలుగు మాట్లాడతాడు. అతను దానికి తలంటు అని పేరు పెట్టాడు.

మేనేజరు చేసింది సరైన పనేనని నేను ఒప్పుకుంటాను. ఒక పిల్లవాడు గోకిన పెన్సిలు గీతతో మంచాన్ని ఇంకొకరికి ఎలా ఇస్తాం? అయితే తలంటు అయిన సామానును వరసగా నిలబెడితే ఏది ఏ ఇంటి నుంచి వచ్చిందో మాకే తెలిసేది కాదు. నంబరు కొట్టిన చిన్న ఇత్తడి బిళ్ళ ఒక్కటే గుర్తు. ఆ బిళ్ళను కూడా రంగు వేసేటప్పుడు ఊడదీసి, తరవాత మళ్ళీ కొడతారు. ఇది గుర్తుపెట్టుకోండి.

కొండమ్మ అవ్వ

ఇక నేను చేసిన తప్పు.

మా దగ్గర కొన్ని చెక్క ఊయలలు ఉండేవి. ఊయలను మా మాటలో తొట్టెల అంటారు. సరవణంపట్టిలో ఒక అపార్టుమెంటు నుంచి శరణ్య అనే అమ్మాయి ఫోనులో ఒకటి బుక్ చేసింది. కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. తొలి కానుపు, ఆడపిల్ల. మా వాళ్ళు ఊయల తీసుకెళ్ళి ప్లాస్టిక్ విప్పి, "కొత్తదాని మాదిరే ఉంది చూడండి" అన్నారట. లోపలి నుంచి ఒక ముసలామె వచ్చి దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. ఊయల వెనక్కి వచ్చేసింది. కారణం దగ్గర "కొత్తగా ఉంది" అని రాసుకొచ్చారు. గోదాములో అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. నాకు అర్థమైంది. మా వైపు కుటుంబాల్లో తొలిబిడ్డను కొత్త ఊయలలో వేయరు. పిల్లలు పడుకుని, పెరిగి, దిగిపోయిన ఊయలనే తెచ్చుకుంటారు. ఎంతమంది పెరిగి దిగితే అంత మంచిది. చుట్టాల్లో ఒకే ఊయల ఇంటింటికీ తిరుగుతూ ఉంటుంది. తరవాత ఎవరో దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. అప్పుడిక మనవరాలు ఫోనులో బుక్ చేస్తుంది.

అదే ఊయల వేసుకుని నేనే వెళ్ళాను. ఆ ముసలామె శరణ్య అమ్మమ్మ. ఒట్టన్‌చత్రం పక్క పల్లె నుంచి కానుపు కోసం వచ్చింది. పేరు కొండమ్మ. నేను మా తెలుగులో పలకరించేసరికి ఆమె మొహం విప్పారింది.

"అయ్యో, నువ్వు మనోడివా! ఏ ఊరప్పా మీది? ఉండు, కాపీ తాగు. నీకు చెప్తే తెలుస్తుంది. ఆ తొట్టెల కొత్తది. మాకు వేండాం, వద్దు. బిడ్డలు పండుకోనుండే తొట్టెల కావాల."

"అన్నీ బిడ్డలు పండుకొన్నవే అవ్వా. రంగు వేసిండాము, అంతే."

"అట్లయితే చెప్పు. ఎంతమంది పండుకొనిండారు?"

నేను చేతిలో ఫోను తెరిచి చూశాను. ఆ నంబరు ఊయల ఏడుసార్లు అద్దెకు వెళ్ళినట్టు ఉంది.

"ఏడుమంది అవ్వా."

"అందరూ బాగుండారా?"

ఇక్కడ ఆగి ఉండాల్సింది. కంపెనీవాడు మాత్రమే అయితే "మాకు తెలియదమ్మా" అని ఊరుకునేవాడు. నేను మాత్రం ఆమె మనవడిలా ఆమె ఎదురుగా కాఫీ తాగుతున్నాను.

"అందరూ బాగుండారు అవ్వా" అన్నాను.

ఆమె ఊయల కాళ్ళను రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకుంది. సాయంత్రం పసుపు రాసి బిడ్డను అందులో వేశారు. మా జనరల్ మేనేజరుకు అర్థం కానిది నాకు అర్థమైందని ఆ వారమంతా ఛాతీ విరుచుకుని తిరిగాను.

సుబ్బయ్య మాట

పది రోజుల తరవాత సుబ్బయ్య గోదాములో అటూ ఇటూ చూసి అడిగాడు. "అన్నా, తొట్టెల ఒకటి కానమే. ఎవురికి ఇస్తిరి?"

చెప్పాను. ఏడుమంది కథ కూడా చెప్పాను. అతను ఉలి కింద పెట్టాడు.

"వడవళ్ళి నుంచి ఒకటి వచ్చె కదా, నెల తిరక్కముందే? ఆ బిడ్డ నాయనే ఆటోలో తెచ్చిచ్చి ఒక మాట గూడా మాట్లాడకుండా పోయె. దాంట్లో పరుపు మడత గూడా విప్పిండలేదు. నేనే విప్పితిని."

"అది ఇదేనా?"

"అదే తెలీదు. రెండు తొట్టెలలకు ఒకేసారి రంగు వేసితిమి. బిళ్ళలు ఊడదీసి ఒక డబ్బాలో వేస్తిని. మళ్ళా కొట్టేటప్పుడు..." అని ఆగిపోయాడు. "రెండూ ఒకే మాదిరి ఉండాయి అన్నా."

రెండింట్లో ఒకటి సరవణంపట్టిలో ఉంది. ఒకటి మా ముందే ఉంది. ఏది వడవళ్ళిదో సుబ్బయ్యకు తెలియదు, నాకు తెలియదు, కంప్యూటరుకు అసలే తెలియదు. వడవళ్ళిలో ఏం జరిగిందో కూడా నిజానికి మాకు తెలియదు. తల్లీ బిడ్డా పుట్టింటికి వెళ్ళిపోయి ఉండవచ్చు. చుట్టాలెవరో ఊయల ఇచ్చి ఉండవచ్చు.

జనరల్ మేనేజరుకు ఫోను చేశాను. ఆయన శాంతంగా విని, "ఇళ్ళలో ఏం జరుగుతుందో మనకు తెలియకూడదు రంగసామీ. అందుకే కదా రంగు వేసేది" అన్నాడు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. తరవాత ఆలోచిస్తే అందులో కొంత దయ కూడా ఉందనిపించింది. మళ్ళీ కోపమే వచ్చింది.

మర్నాడు సరవణంపట్టి వెళ్ళాను. కాలు వదులైంది, ఊయల మార్చి ఇస్తానని చెప్పాలని. అవ్వ పక్కింటామెకు ఊయల చూపిస్తోంది. "ఏడు బిడ్డలు పండుకోని పెరిగిన తొట్టెల. ఇదో, మా వాడే తెచ్చిచ్చె" అని నా వైపు చెయ్యి చూపింది. మారుస్తానంటే ఒప్పుకోలేదు. బిడ్డను వేసిన ఊయలను మధ్యలో మార్చరట. అదీ నాకు తెలిసిన సంగతే. మరి ఎందుకు వెళ్ళినట్టు?

వడవళ్ళి

ఇక ఉండబట్టలేక వడవళ్ళి వెళ్ళాను. వెళ్ళి ఏమని అడగాలో దారి పొడుగునా అనుకున్నాను. గుమ్మం ముందు అన్నీ మరిచిపోయాను. ఒక అమ్మాయి తలుపు తీసింది. ముప్పై ఏళ్ళు ఉండవు. లోపల ఇంట్లో చప్పుడు లేదు. దండెం మీద పెద్దవాళ్ళ బట్టలే ఉన్నాయి.

"ఎవురు కావాల?"

ఇంటి పేరూ ఊరి పేరూ అడక్కుండానే మా మాటే అని తెలిసింది. "ఫర్నిచర్ కంపెనీ నుంచి వచ్చిండానమ్మా. తొట్టెల గురించి..." అన్నాను.

ఆమె తలుపు పూర్తిగా తెరిచింది. "వచ్చి కూకోండి" అంది. నీళ్ళిచ్చింది. బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదని ఆమే చెప్పింది. ఊయల ముందే తెచ్చి పెట్టుకున్నారట. తప్పు చేశామని వాళ్ళ అత్త ఇప్పటికీ అంటోందట. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె కళ్ళల్లో లేవు.

"ఆ తొట్టెల ఇప్పుడు ఎవురింట్లో ఉండాది?"

తెలియదు అని చెప్పాలి. రెండున్నాయి, కలిసిపోయాయి అని చెప్పాలి. ఆ మొహం చూసి ఆ మాట ఎలా అంటాను?

"ఒక ఇంట్లో ఉండాదమ్మా. బిడ్డ పండుకొంటుండాది."

"మొగబిడ్డా, ఆడబిడ్డా?"

"ఆడబిడ్డ."

"బాగా ఏడుస్తుందా?"

"ఇల్లెగిరిపోయేటట్టు ఏడుస్తుందమ్మా."

ఆమె తల ఊపింది. ఆ వచ్చీరాని నవ్వు నేను మరిచిపోలేను. "ఏడవనీ. ఆ బిడ్డ పెరిగి తొట్టెల దిగితే నాకొక మాట చెప్పండి సార్" అని నా నంబరు రాసుకుంది.

ఇద్దరి కోపం

అక్కడి నుంచి నేరుగా సరవణంపట్టి వెళ్ళాను. ఎందుకు చెప్పాలనిపించిందో చెప్పలేను. ఆ అమ్మాయి అంత నిబ్బరంగా చెప్పినప్పుడు, నేను ముసలామెను మభ్యపెట్టి తిరగడం సిగ్గనిపించింది. అందరూ బాగున్నారన్నది నోటికొచ్చి అన్నానని, ఇదో ఇంకోటో తెలియదు కానీ ఒక ఊయల బిడ్డ లేని ఇంటి నుంచి వచ్చిందని, అంతా చెప్పేశాను.

కొండమ్మ అవ్వ అరవలేదు. లేచి బిడ్డను ఎత్తి భుజాన వేసుకుంది. ఊయలకు వేలాడుతున్న గంటలు విప్పింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"కొత్తది అని చెప్పె ఆ కంపెనీవాడు. వద్దని వాణ్ణి తిరిగి పంపిస్తిని. నువ్వు మన మాటలో చెప్తివి. నమ్మితిని."

ఇంత వయసులో నన్ను ఎవరూ అలా తిట్టలేదు. అది తిట్టే అని మీకు అనిపించకపోవచ్చు.

ఊయల దింపుతుంటే శరణ్య లిఫ్టు దాకా వెంట వచ్చింది. ఆ అమ్మాయి కోపం వేరు. "ఏడో ఎనిమిదో, నాకు ఒకటే. మా అవ్వకోసం తెస్తిమి, అవ్వ సంతోషంగా ఉండె. ఇప్పుడెందుకు చెప్తిరి అంకుల్? మీ మనసు తేలిక చేసుకొనేదానికా? అవ్వ ఇంక రాత్రంతా బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టుకోని కూకుంటుంది."

అబద్ధం చెప్పానని ఒకామె, నిజం చెప్పానని ఇంకొకామె. ఇద్దరి మాటా న్యాయమే అనిపించింది. లిఫ్టులో ఊయల పట్టలేదు. పదకొండు అంతస్తులు మెట్ల మీద మోసుకుని దిగాను. మెట్ల మలుపులు బాగానే ఉన్నాయి.

ఫోను

ఆ రెండు ఊయలలనూ జాబితా నుంచి తీయించాను. ఎవరికీ ఇవ్వలేదు. ఇస్తే ఏం చెప్పి ఇవ్వాలో తోచలేదు. సుబ్బయ్య ఒకటి రెండుసార్లు అడిగి మానేశాడు.

ఏడాది తిరగబోతుండగా ఒక మధ్యాహ్నం వడవళ్ళి అమ్మాయి ఫోను చేసింది.

"సార్, నేను. తొట్టెల..."

"తెలిసిందమ్మా. చెప్పండి."

"ఆ బిడ్డ ఎట్లుండాది?"

బిడ్డ బాగుంది. అంతకు ముందు వారమే శరణ్య ఇంటికి ఒక బల్ల ఇవ్వడానికి మా వాళ్ళు వెళితే, బిడ్డ గోడ పట్టుకుని నడుస్తోందట. అవ్వ ఊరికి వెళ్ళిపోయిందట. ఈ మాత్రం నిజమే చెప్పవచ్చు.

"బాగుండాదమ్మా. నడుస్తుండాది."

"అయితే తొట్టెల చాలదు."

"చాలదమ్మా" అన్నాను.

"మంచిది సార్. దిగిందంటే చాలు. ఇంక దాన్ని వేరే బిడ్డకు ఇవ్వండి. కాలీగా పెట్టొద్దు."

"పెట్టనమ్మా" అన్నాను.

నా వెనక రెండు ఊయలలూ ప్లాస్టిక్ చుట్టుకుని, అప్పటికి ఎన్నో నెలలుగా ఖాళీగా ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. చెప్పాలో వద్దో మీలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి.